టికెట్ లేని కచేరీలు: హైదరాబాద్ లైవ్ మ్యూజిక్ అసలెక్కడుంది?

హైదరాబాద్‌లో లైవ్ మ్యూజిక్ ఎక్కడ వినొచ్చు అని ఎవరినైనా అడగండి, వచ్చే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. జూబ్లీహిల్స్‌లో ఫలానా పబ్బు, గచ్చిబౌలి వైపు ఫలానా కేఫ్, శిల్పకళావేదికలో వచ్చే నెల సినిమా సింగర్ షో, టికెట్ రేటు ఎక్కువే, పార్కింగ్ మాత్రం అడక్కండి. తప్పు జవాబేం కాదు గానీ ఈ లెక్కలో ఊరు పావు వంతు కూడా పట్టదు. ఎందుకంటే ఈ సిటీలో సంగీతం ఎక్కువ భాగం టికెట్ లేకుండానే నడుస్తుంది. దర్గాలో, బరాత్‌లో, బోనాల ఊరేగింపులో, ఫంక్షన్ హాలు గేటు బయట. వినేవాడు డబ్బులిచ్చి లోపలికి వెళ్లడు, సంగీతమే వాడి ట్రాఫిక్‌కి అడ్డం వస్తుంది. టికెట్ లేనిదాన్ని 'సీన్' అని ఎవరూ లెక్కెయ్యరు, లెక్కలో లేదు కాబట్టి దాని కష్టసుఖాలు కూడా ఎవరికీ పట్టవు.

ముందు తీన్మార్ సంగతి చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట తెలియనివాళ్లు ఉండరు, డాన్సంటే తీన్మారే అన్నంతగా కలిసిపోయింది, ఒక టీవీ న్యూస్ ప్రోగ్రాం పేరులోకి కూడా ఎక్కేసింది. మాటకి అర్థం మూడు దెబ్బలు అని, అంతే. కానీ ఆ దెబ్బల వెనక మర్ఫా అని ఒక వాద్య సంప్రదాయం ఉంది, అది వచ్చింది ఆఫ్రికా నుంచి, యెమెన్ నుంచి. నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఒక గుర్రపు దళం ఉండేది, సిద్దీలు అందులో సైనికులు. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ వాళ్ల పేరు మీదే ఉంది, అక్కడ ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు. అలాగే యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సైనికులు పాతబస్తీకి దక్షిణాన స్థిరపడ్డారు, వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటే జనం నోట్లో పడి బార్కస్ అయింది. ఈ రెండు గుంపుల సైనికులూ పెళ్లిళ్లలో, పండగల్లో వాయించుకున్న వాద్యమే మర్ఫా.

మర్ఫా బృందంలో పాట దాదాపుగా ఉండదు, అంతా దెబ్బే. డఫ్, ఢోల్, థాపీ అని చెక్క ముక్కలు, వీటితో పాటు స్టీలు బిందె. అవును, నీళ్ల బిందె లాంటిదే, దాన్ని కర్రతో కొడుతుంటే వచ్చే ఖంగుమనే మోతే మర్ఫాకి సంతకం. ఢోల్ కింద నుంచి లోతుగా నడుస్తుంటుంది, బిందె పైనుంచి చీల్చుకుంటూ వస్తుంది, మధ్యలో మూడు దెబ్బల లెక్క తిరుగుతూ ఉంటుంది, కాళ్లు వాటంతటవే కదుల్తాయి. సైనికుల సంగీతం కాబట్టి కత్తి, కర్ర తిప్పే ఆటలు కూడా దీంతో వచ్చాయి. సంస్థానం పోయాక దళాలు పోయాయి, ఉద్యోగాలు పోయాయి, అప్పటిదాకా సరదాకి వాయించిన వాద్యం చాలా కుటుంబాలకి జీవనోపాధి అయింది. ముస్లిం పెళ్లిళ్లకే అనుకుంటే పొరపాటు, వినాయకుడి నిమజ్జనానికీ బోనాలకీ కూడా మర్ఫా వాళ్లని పిలవడం ఈ ఊళ్లో మామూలే. అక్కణ్ణుంచి బ్యాండు వాళ్ల డ్రమ్ముల్లోకి, అక్కణ్ణుంచి సినిమా పాటల్లోకి ఎక్కింది ఆ లయ. ఆఫ్రికా సిద్దీల దెబ్బకి తెలుగు పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఎగురుతుంటారు, ఎగిరేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో అది వేరే విషయం.

డప్పుది దీనికి పూర్తిగా వేరే కథ, అది ఇక్కడిదే, మట్టిలోంచి వచ్చింది. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించి, ఒక చేతిలో లావుపాటి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల పట్టుకుని కొడతారు. దరువులు కూడా పనిని బట్టి వేరు, సాటింపు దరువు వేరు, పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, తెలిసినవాళ్లు వీధి మలుపులోంచే విని ఏం జరుగుతుందో చెప్పేస్తారు. ఈ వాద్యాన్ని మోసింది దళిత కుటుంబాలు, ఊళ్లో ఏ పనికైనా డప్పు కావాలి గానీ కొట్టేవాడు మాత్రం దూరంగా నిలబడాలి అన్న పద్ధతిలో తరాలు గడిచాయి. 1970ల నుంచి గద్దర్ లాంటివాళ్లు, జన నాట్యమండలి, ఆ తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు ఇదే డప్పుని స్టేజీ మీదకి తెచ్చి నిలబెట్టాయి, చిన్నతనంగా చూసిన వాద్యమే ధిక్కారానికి గుర్తయింది. ఈ మార్పు చిన్నది కాదు, కానీ దీని గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి ఇక్కడ ఒక చిన్న విషయం మీదే ఆగుదాం.

అదేంటంటే, బోనాలు వచ్చేది ఆషాఢంలో. అంటే వానలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి వచ్చి, లాల్‌దర్వాజా దాకా వారాల తరబడి సాగే పండగ మొత్తం తోలు వాద్యానికి అస్సలు పడని వాతావరణంలో జరుగుతుంది. తేమ తగిలితే తోలు వదులైపోతుంది, ఖణేల్‌మనాల్సింది బద్‌బద్‌మంటుంది. అందుకే ఊరేగింపు ఎక్కడైనా కాస్త ఆగిందంటే డప్పు వాళ్లు పక్కకి జరిగి, నాలుగు పాత పేపర్లో గడ్డో రోడ్డు మీదే వెలిగించి, ఆ మంట చుట్టూ డప్పులు పట్టుకుని తిప్పుతూ కాస్తుంటారు. మధ్యమధ్యలో వేలితో తట్టి చూస్తారు, ఇంకా కాదు, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ... వచ్చింది. శృతి చూసుకోవడం అంటే ఇదే, ఏ కచేరీ హాల్లోనైనా తంబూరా సరిచేసుకున్నట్టే, కాకపోతే ఇక్కడ పైనుంచి తుంపర పడుతుంటుంది, వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటాడు. ఇప్పుడు చాలామంది ఈ బాధ పడలేక ప్లాస్టిక్ షీటు బిగించిన డప్పులకి మారిపోయారు, వానకి జంకక్కర్లేదు, మంట అక్కర్లేదు, మోత కూడా గట్టిగానే వస్తుంది. తోలులో ఉండే ఆ అడుగు గొంతు మాత్రం ఉండదు. వాయించేవాళ్లని తప్పుపట్టడానికేం లేదు, వానలో నాలుగు గంటలు నడిచేది వాళ్లు.

అసలు ఈ ఊళ్లో వాయించేవాళ్ల బతుకు అర్థం కావాలంటే పంచాంగం పక్కన పెట్టుకోవాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం వచ్చాయంటే ముహూర్తాలు, సన్నాయి మేళానికీ బ్యాండు మేళానికీ ఊపిరి సలపదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకి పనికిరావు, మధ్యలో మూఢం వచ్చిందంటే ఉన్న నెలలు కూడా పోయినట్టే. కానీ సన్నాయి ఖాళీగా ఉన్న ఆషాఢంలోనే డప్పుకి, పోతురాజుల ముందు నడిచే బృందాలకి చేతినిండా పని, భాద్రపదంలో వినాయక చవితి. ఇంకోవైపు మొహర్రంలో, రంజాన్‌లో ముస్లిం పెళ్లిళ్లు ఉండవు, రంజాన్ దాటాక ఒక్కసారిగా మొదలవుతాయి, పైగా ఆ క్యాలెండర్ చంద్రుణ్ణి బట్టి కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ పోతుంది. రెండు క్యాలెండర్లూ కలిసొచ్చిన ఏడాది బాగుంటుంది, రెండూ ఒకేసారి ఖాళీ వస్తే అప్పులే. అన్ని మతాల వాళ్ల ఇళ్లకీ వెళ్లే మర్ఫా, బ్యాండు బృందాలు ఈ లెక్కలో కాస్త గట్టిగా నిలబడతాయి. గంగా జమునా తహజీబ్, అంటే హిందూ ముస్లిం కలగలుపు సంస్కృతి అని సభల్లో చెప్పుకునేదానికి ఇలాంటి తిండి లెక్క కూడా ఒకటుంది, అది ఎవరూ చెప్పరు.

వాయించేవాళ్లే లేని లైవ్ మ్యూజిక్ కూడా ఈ ఊళ్లో ఉంది, బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, వాద్యం లేదు, చప్పట్లే తాళం. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు, ఎత్తుకునే ఆమెకి పాట ఎంత గుర్తుంటే ఆట అంతసేపు. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఆ ఎత్తుకునే ఆమె పని స్పీకర్ చేస్తోంది, యూట్యూబ్‌లో ఈ ఏడాది కొత్త పాట పెట్టేసి చుట్టూ తిరగడమే. పాట పెద్దగానే వినిపిస్తుంది, పాడే నోళ్లు మాత్రం తగ్గాయి.

ఖవ్వాలీ దగ్గరికి వద్దాం. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో గురువారం సాయంత్రం కూర్చుంటే చాలు, ఈ కళ ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ముందు హమ్ద్, అంటే దేవుడి స్తుతి, తర్వాత ప్రవక్త మీద నాత్, తర్వాత సూఫీ గురువుల మీద మన్‌ఖబత్, ఈ వరుస మారదు. మారేది లోపల. ముఖ్య గాయకుడు ఒక పాదం పాడి, దాన్నే పట్టుకుని మధ్యలో ఇంకో కవి రాసిన ద్విపద తెచ్చి ముడి వేస్తాడు, దాన్ని గిరహ్ అంటారు, ముడి అనే అర్థం. ముడి సరిగ్గా పడిందా లేదా అన్నది చెప్పేది జనమే, పడితే ఎవరో లేచి నోటు తెచ్చి ముందు పెడతారు, అదే పాదం మళ్లీ పాడించుకుంటారు, చప్పట్లు ఒక మెట్టు ఎక్కుతాయి. అంటే పాట ఎంతసేపు ఉండాలో, ఏ మాట దగ్గర ఆగాలో వినేవాళ్ల ముఖాలు చూసి నిర్ణయం అవుతుంది. రికార్డింగ్‌లో ఖవ్వాలీ సగమే ఖవ్వాలీ అనేది అందుకే. 1857 తర్వాత ఢిల్లీ దర్బారు చెదిరిపోయినప్పుడు అక్కడి గాయకులు కొందరు నిజాం నీడకి వచ్చారు, తాన్‌రస్ ఖాన్ వాళ్లలో పెద్ద పేరు. ఇప్పుడు హైదరాబాద్ ఖవ్వాలీ అనగానే గుర్తొచ్చే వార్సీ బ్రదర్స్ కుటుంబం మూలాలు కూడా ఆ ఢిల్లీ దర్బారులోనే ఉన్నాయి, వాళ్ల తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి పద్మశ్రీ వచ్చింది.

దర్బారు అనగానే ఒక పేరు తప్పకుండా చెప్పుకోవాలి, మహ్లకా బాయి చందా. 1768లో పుట్టి 1824లో పోయిన ఈమె కవయిత్రి, గాయని, నిజాం దర్బారులో పెద్ద హోదా ఉన్న మనిషి. ఉర్దూలో దీవాన్, అంటే కవితల సంపుటి, వచ్చిన మొదటి మహిళగా ఆమెని చెప్పుకుంటారు. మౌలాలి గుట్ట కింద తల్లికి కట్టించిన సమాధి పక్కనే ఆమె సమాధి కూడా ఉంది. రోజూ ఆ దారిన రైళ్లు పోతుంటాయి. ఆమెకంటే వందేళ్ల ముందు గోల్కొండ ఖైదులో కూర్చుని కంచర్ల గోపన్న పాడుకున్న కీర్తనలున్నాయి, తానీషా కాలం, జనం రామదాసు అని పిలుచుకున్నారు. ఖైదులో శ్రోతలెవరు? అయినా ఆ పాటలు ఎక్కడో తిరువయ్యారులో ఉన్న త్యాగయ్య దాకా చేరాయి, తన కీర్తనల్లో ఆయన రామదాసుని పేరుపెట్టి తలుచుకున్నాడు. కర్ణాటక సంగీతం అంటే మద్రాసు అనుకునేవాళ్లకి ఈ గొలుసు గుర్తుచెయ్యాలి.

హిందుస్తానీ వైపు ఇంకా విచిత్రం. 1934లో పండిత్ మోతీరాం హైదరాబాద్ వచ్చారు, ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్థాన గాయకుడిగా నియామకం జరగాల్సిన రోజే ప్రాణం పోయింది. నాలుగేళ్ల కొడుకు ఇక్కడే పెరిగాడు. స్కూలుకి వెళ్లే దారిలో ఒక చిన్న హోటల్లో గ్రామఫోన్ మీద బేగం అఖ్తర్ గొంతు వినపడేదట, పిల్లాడు బడి మానేసి అక్కడే కూర్చునేవాడట, ఆ పిల్లాడే పండిత్ జస్‌రాజ్. ఆయనే పెద్దయ్యాక తండ్రి, అన్న పేర్ల మీద ఈ ఊళ్లోనే ఏటా సంగీత సమారోహం మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపారు, దేశంలో పెద్ద పెద్దవాళ్లంతా వచ్చి పాడారు, ఎంట్రీ ఫ్రీ. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ 1968లో కన్నుమూసింది కూడా ఇక్కడే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో.

ఈ పాత దర్బారు అంతా మ్యూజియంలో పెట్టే సరుకు అనిపిస్తే విఠల్ రావు సంగతి చూడండి. నిజాం రెండో కొడుకు మొజంజా దర్బారులో కుర్రతనంలోనే పాడిన గజల్ గాయకుడు, 2015లో పోయేదాకా హైదరాబాద్ గజల్ అంటే ఆయనే. ఆయన దగ్గర ఏళ్ల తరబడి గజల్ నేర్చుకున్న మంగళ్‌హాట్ కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్. గజల్‌తో పాటు పాతబస్తీ హిందీ, తెలుగు కలిపి కొట్టే గల్లీ పాటలతో పేరు తెచ్చుకుని, 2023లో ఆస్కార్ స్టేజీ మీద తెలుగు పాట పాడిన ఇద్దరిలో ఒకడయ్యాడు. దర్బారు మెహఫిల్ నుంచి ఆస్కార్ దాకా మధ్యలో ఉన్నది ఒక్క మనిషే. ఊరి సంగీతం ఇలాగే కదుల్తుంది, చేతి నుంచి చేతికి, మధ్యలో ఒక్క లింకు తెగినా ఇంకేం ఉండదు.

హాళ్ల గురించి తొందరగా చెప్పేస్తే సరిపోతుంది. రవీంద్రభారతి ఠాగూర్ శతజయంతి పూట 1961లో వచ్చింది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, రాంకోటిలో త్యాగరాజ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల. వీటిలో సాయంత్రం కచేరీలకి వెళితే ముందు రెండు వరుసల్లో సన్మానం చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు, వెనక పాడేవాళ్ల చుట్టాలు. గొంతులు బాగుంటాయి, సీట్లు ఖాళీగా ఉంటాయి, శాలువాలకి మాత్రం కొదవ లేదు.

కంటోన్మెంటు వైపు వేరే చెవి ఉంది. 1806లో సికింద్రాబాద్ పేరు పెట్టుకున్న దగ్గర్నుంచి బ్రిటిష్ పటాలాల బ్యాండ్లు, చర్చి కోరస్, తర్వాత లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాల గిటార్లు, డాన్సు హాళ్లు. ఇప్పటి పబ్ బ్యాండ్లకి పెద్దన్నలు వాళ్లే. పబ్‌లో బ్యాండుకి చిక్కేంటంటే సొంత పాటకి చోటుండదు, తాగేవాళ్లకి తెలిసిన పాట కావాలి, కాబట్టి వారాంతం అంతా పాత సినిమా పాటలే తిప్పి తిప్పి వాయించాలి. అందుకే బంజారాహిల్స్‌లో 2010 నుంచి ఉన్న లమకాన్ లాంటి చోటు విలువైంది. చెట్టు కింద నాలుగు కుర్చీలు, చాయ్, టికెట్ ఉంటే చిన్నది లేకపోతే లేదు, కొత్త పాట పాడితే వినడానికి కూర్చునే జనం. చౌరస్తా లాంటి బ్యాండ్లు జానపదం పక్కన గిటార్ పెట్టి సొంత తెలుగు పాటలు చేసి జనంలోకి వెళ్లగలిగాయి. అందులోంచి బయటికొచ్చిన రామ్ మిరియాల ఇప్పుడు సినిమాల్లో హిట్ల మీద హిట్లు కొడుతున్నాడు. చివరికి సినిమాయే లాక్కుంటుందని వాపోయేవాళ్లున్నారు, నిజమే, కానీ ఇంటి అద్దె కట్టేది కూడా అదే కదా.

జిల్లాల నుంచి వచ్చే కళల పరిస్థితి దీనికంటే కష్టం. 2017లో పోయిన ఒగ్గుకథ చుక్క సత్తయ్య, బుర్రవీణ దాసరి కొండప్ప, పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే దర్శనం మొగులయ్య, ఇలాంటివాళ్లని రాజధాని చూసేది ప్రభుత్వ వేదికల మీద, పది నిమిషాల స్లాట్‌లో. ఒగ్గుకథ రాత్రంతా నడిచే కళ, మల్లన్న కథ పది నిమిషాల్లో చెప్పమంటే ఏం చెప్తారు, వేషం వేసుకుని నాలుగు అడుగులు వేసి దిగిపోవడమే. మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, సినిమాలో పాడారు, టీవీలన్నీ చుట్టుముట్టాయి. 2024లో అదే మనిషి సిటీ శివార్లలో కూలిపని చేస్తున్న వీడియో బయటికొచ్చి మళ్లీ టీవీలన్నీ చుట్టుముట్టాయి. పరామర్శలు వచ్చాయి, హామీలు వచ్చాయి. కానీ అసలు ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, ఇంత పెద్ద ఊళ్లో ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని గృహప్రవేశాలు, ఎన్ని కంపెనీ ఫంక్షన్లు, వాటిలో కిన్నెర పిలిపించిన ఇళ్లెన్ని? అవార్డు ఒక్కసారే వస్తుంది, బుకింగ్ నెలనెలా రావాలి. మర్ఫాకి అవార్డుల ఊసే పెద్దగా లేదు, అయినా బతికుంది, ఎందుకంటే దాన్ని పిలవడం ఈ ఊరికి అలవాటు. కిన్నెరకి ఆ అలవాటు లేదు, అంతే తేడా.

ఆ అలవాటుని గట్టిగా దెబ్బకొట్టింది డీజే. ఇరవై మంది బృందం బదులు ఒక డీసీఎం వ్యాను, ఇద్దరు మనుషులు, ఇంటి కిటికీలు అదిరే బేసు. చవకేం కాదు, కానీ ఫోన్ చేస్తే వస్తుంది, వానకి తడవదు, అన్నం పెట్టక్కర్లేదు. చివరికి మోత భరించలేక 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల్ని నిషేధించారు. నిజానికి కేంద్రం 2000లోనే తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి, ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, పది దాటితే పొద్దున ఆరు దాకా బయట మైకులు బంద్, పండగలకి ఏడాదిలో 15 రోజుల వరకు మాత్రం రాష్ట్రం అర్ధరాత్రి దాకా సడలించుకోవచ్చు. 2010లో సవరించాక వాద్యాలు కూడా ఇందులోకి వచ్చాయి. మూసిన హాళ్లకి మినహాయింపు ఉంది, వీధికి లేదు. రూలు అవసరమే, నిద్రపోవాల్సిన ముసలివాళ్లు, చదువుకోవాల్సిన పిల్లలు ఉంటారు. కానీ దాని బరువు పడేది మాత్రం హాలు లేని కళల మీదే, ఖవ్వాలీ తెల్లవార్లూ నడిచే మెహఫిల్ ఆరుబయట ఇప్పుడు కుదరదు, ఒగ్గుకథ మొదలవ్వాల్సిన టైముకి మైకు కట్టేయాలి. డీజే పోయిన ఖాళీ అయితే ఒకటి మిగిలింది, దాంట్లోకి డప్పు, మర్ఫా తిరిగొస్తాయా, వాటి పేరుతో ఇంకొంచెం చిన్న స్పీకర్లు వస్తాయా అన్నది పిలిచేవాళ్ల చేతిలో ఉంది.

పిలవాలంటే వీళ్లు ఏ యాప్‌లోనూ దొరకరు. ఢోలు తోలు మీదే పెయింట్‌తో బృందం పేరు, దాని కింద పది అంకెల సెల్ నంబర్ రాసుంటుంది, దెబ్బలు పడీ పడీ మధ్యలో ఒకట్రెండు అంకెలు చెరిగిపోయి కూడా ఉంటాయి. ఊరేగింపు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగి ఎక్కించుకోవడమే.